మైనస్ మూడు పెరాక్సైడ్లు: సమీకరణాలు తుల్యం చేసే ప్రోగ్రాం డైరీ

1వ రోజు

మా అన్నయ్య కూతురు బుజ్జి కాలేజీలో కెమిస్ట్రీ చదువుతోంది. నిన్న సాయంత్రం నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. పేజీ నిండా కొట్టివేతలే. రాగి మీద సజల నైట్రిక్ ఆమ్లం పోస్తే కాపర్ నైట్రేట్, నైట్రిక్ ఆక్సైడ్, నీరు వస్తాయి. ఆ సమీకరణాన్ని తుల్యం చేయాలట, అంటే ప్రతి మూలకం పరమాణువులూ రెండు వైపులా సమానమయ్యేలా పదార్థాల ముందు అంకెలు (గుణకాలు) వేయాలి.

"ఆక్సిజన్ సరిచేస్తే నైట్రోజన్ చెడుతోంది బాబాయ్. నైట్రోజన్ పట్టుకుంటే హైడ్రోజన్ జారిపోతోంది."

ఇదెంత పని అని పెన్ను అందుకున్నాను. ఇరవై నిమిషాల్లో కొట్టివేతలు రెట్టింపయ్యాయి, నా పరువు సగమైంది.

చూసి తుల్యం చేయడానికి చెప్పే చిట్కాలు మంచివే. అన్నిటికంటే గజిబిజిగా ఉన్న పదార్థంతో మొదలుపెట్టాలి, ఆక్సిజన్ వాయువులాగా విడిగా ఉన్న మూలకాన్ని ఆఖరికి వదిలేయాలి. ప్రొపేన్ మండే సమీకరణానికి ఇది చాలు. ప్రొపేన్ అణువులో 3 కార్బన్లు, 8 హైడ్రోజన్లు ఉంటాయి కాబట్టి 3 కార్బన్ డయాక్సైడ్, 4 నీరు. వాటిలో ఆక్సిజన్ పరమాణువులు మొత్తం 10, అంటే ఎడమవైపు 5 ఆక్సిజన్ అణువులు. అయిపోయింది.

రాగి దగ్గర ఇది పారదు. అక్కడ నైట్రిక్ ఆమ్లం రెండు వేషాలు వేస్తుంది. కొంత నైట్రోజన్ ఉన్నదున్నట్టు నైట్రేట్‌గా రాగి వెంట పోతుంది. మిగతాది ఎలక్ట్రాన్లు తీసుకుని నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఏ వేషానికి ఎంత పోయిందో చూపుకి దొరకదు.

పడుకునే ముందు అనుకున్నాను, దీనికో ప్రోగ్రాం రాసేద్దాం, వారం రోజుల పని అని. (తర్వాత చేర్చిన మాట: ఇది రాస్తున్నది 16వ రోజున.)

2వ రోజు

కోడ్ కంటే ముందు కాగితం. గుణకాలకు వరసగా క, చ, ట, త, ప అని పేర్లు పెట్టాను.

క రాగి + చ నైట్రిక్ ఆమ్లం → ట కాపర్ నైట్రేట్ + త నైట్రిక్ ఆక్సైడ్ + ప నీరు

ఇక ఒక్కో మూలకానికి ఒక్కో లెక్క.

రాగి: క = ట
హైడ్రోజన్: చ = 2ప
నైట్రోజన్: చ = 2ట + త
ఆక్సిజన్: 3చ = 6ట + త + ప

తెలియని రాశులు ఐదు, సమీకరణాలు నాలుగే. ఒకటి తక్కువైందే అని మొదట కంగారు పడ్డాను కానీ, అది అలాగే ఉండాలి. ఒక జవాబు దొరికితే దాని రెట్టింపూ జవాబే, మూడు రెట్లూ జవాబే. కాబట్టి ఏదో ఒకదాన్ని మన ఇష్టం వచ్చినట్టు 1 అనుకోవచ్చు.

ట = 1 అనుకున్నాను. క కూడా 1. చ = 2 + త. ప అందులో సగం, అంటే 1 + త/2. ఇవన్నీ ఆక్సిజన్ లెక్కలో పెడితే 6 + 3త = 6 + త + 1 + త/2. త = 2/3 వచ్చింది. చ = 8/3, ప = 4/3. అన్నిటినీ 3తో గుణించాను.

3 రాగి + 8 నైట్రిక్ ఆమ్లం → 3 కాపర్ నైట్రేట్ + 2 నైట్రిక్ ఆక్సైడ్ + 4 నీరు

ఎనిమిది ఆమ్లం అణువుల్లో ఆరు నైట్రేట్ వేషంలో, రెండు ఆక్సైడ్ వేషంలో. మొన్న దొరకనిది ఇదే. ఫోటో తీసి బుజ్జికి పంపితే "ఓ, ఇంతేనా" అని రిప్లై పెట్టింది. ఇంతే.

3వ రోజు

అదే లెక్కను పట్టికగా వేశాను. అడ్డ వరసకో మూలకం, నిలువు వరసకో పదార్థం. గడిలో ఆ పదార్థంలో ఆ మూలకం పరమాణువులు ఎన్నో ఆ అంకె. కుడివైపు పదార్థాలకు ముందు మైనస్. రాగి సమీకరణంలో నైట్రోజన్ వరస ఇలా ఉంటుంది: 0, 1, −2, −1, 0.

అచ్చం జమాఖర్చుల పుస్తకం. చర్యకు ముందూ తర్వాతా తూకం వేసి ద్రవ్యనిత్యత్వాన్ని (చర్యలో ద్రవ్యం పెరగదు, తరగదు అన్న సూత్రాన్ని) నిలబెట్టిన రసాయన శాస్త్రవేత్త లావోయిజర్, ఫ్రాన్సు రాజుగారి తరఫున పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి కూడా. ఖాతా సరిపోవాల్సిందేనన్న పట్టుదల ఆయనకు రెండు వైపులా పనికొచ్చి ఉంటుంది. పాపం, ఆ పన్నుల పనే 1794లో తల నరికే యంత్రం గిలటిన్ దాకా తీసుకెళ్లింది.

ఈ పట్టికను ఏ గుణకాల వరసతో గుణిస్తే ప్రతి మూలకం దగ్గరా నిల్వ సున్నా వస్తుందో, ఆ వరసే మనకు కావాలి. అలాంటి వరసలన్నిటినీ కలిపి నల్ స్పేస్ అంటారు. పదార్థాల సంఖ్యలోంచి ఈ పట్టిక (మాత్రిక) కోటిని, అంటే ఒకదాన్నుంచి ఒకటి రాబట్టలేని అడ్డ వరసల సంఖ్యని, తీసేస్తే ఆ నల్ స్పేస్‌లో స్వతంత్రమైన దారులు ఎన్నో తెలుస్తుంది. రాగికి 5 − 4 = 1. ఒకటే దారి, ఒకటే జవాబు.

ఆ 1 అన్న అంకెను ఇవాళ పెద్దగా పట్టించుకోలేదు.

5వ రోజు

గణితం గంటలో అయింది. ఫార్ములా చదివించడానికి రెండు రోజులు పట్టింది.

మొదటి గొడవ అక్షరాలతో. క్యాపిటల్ సీ, చిన్న ఓ పక్కపక్కన ఉంటే కోబాల్ట్. రెండూ క్యాపిటల్ అయితే కార్బన్ మోనాక్సైడ్. బుజ్జి ఫోన్‌లో అన్నీ చిన్న అక్షరాలే కొడుతుంది. సందర్భాన్ని బట్టి ఊహించేలా రాద్దామని మొదలుపెట్టి, అరగంటకి మానేశాను. ప్రోగ్రాం ఊహించడం మొదలుపెడితే తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు చిన్న అక్షరంతో మొదలైతే "పెద్ద అక్షరం వాడండి" అని తిప్పి పంపుతుంది.

బ్రాకెట్లది రెండో గొడవ. కాల్షియం ఫాస్ఫేట్‌లో బ్రాకెట్ బయట 2 ఉంటే లోపలున్న వాటన్నిటికీ వర్తించాలి. బ్రాకెట్‌లో బ్రాకెట్ కూడా వస్తుంది కాబట్టి స్టాక్ (ఒకదాని మీద ఒకటి పేర్చి, పైదాన్నే ముందు తీసే జాబితా) వాడాను. తెరిచినప్పుడు కొత్త లెక్క మొదలు, మూసినప్పుడు బయటి అంకెతో గుణించి కింది లెక్కలో కలపడం.

మూడోది నన్ను బాగా ఆడించింది. మైలుతుత్తం, అంటే ఐదు నీటి అణువులు పట్టుకున్న కాపర్ సల్ఫేట్. దాన్ని వేడిచేస్తే నీరు పోయి తెల్లపొడి మిగలాలి. నా ప్రోగ్రాం ఒక మైలుతుత్తానికి ఒక్క నీటి అణువు చాలంది. మిగతా నాలుగూ ఏమయ్యాయని వెతికితే, చుక్క తర్వాత ఉన్న 5ని నా కోడ్ చూసీ చూడనట్టు దాటేస్తోంది. అంకె మూలకం వెనక వస్తుందని మాత్రమే దానికి నేర్పాను, ముందు కూడా రావచ్చని చెప్పలేదు.

7వ రోజు

మొదట పైథాన్ భాషలో లెక్కలకి వాడే నమ్‌పై లైబ్రరీతో చేశాను. అది దశాంశాల్లో లెక్క వేస్తుంది. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని తెలిసీ, గుణకాలు చిన్నవే కదా అని ధీమా. చివరి పదార్థం గుణకం 1 అనుకుని, మిగతావన్నీ పూర్ణాంకాలయ్యేదాకా 1తో, 2తో, 3తో అలా 100 వరకూ గుణించి చూడమన్నాను.

అన్నీ బాగానే వస్తున్నాయి. ఇక అయిపోయిందనుకుని, పెద్దది ఒకటి వేశాను. పొటాషియం ఫెర్రోసయనైడ్, పొటాషియం పర్మాంగనేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒకవైపు. రెండో వైపు పొటాషియం బైసల్ఫేట్, ఫెర్రిక్ సల్ఫేట్, మాంగనీస్ సల్ఫేట్, నైట్రిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్, నీరు. తొమ్మిది పదార్థాలు, ఎనిమిది మూలకాలు. "తుల్యం చేయడం సాధ్యం కాదు" అని తేల్చేసింది.

సాధ్యం కాకపోవడమేంటి! దశాంశాలు వదిలేసి పైథాన్‌లోని ఫ్రాక్షన్స్ మాడ్యూల్‌కి మారాను. అందులో 2/3 అంటే 2/3నే, 0.6666 కాదు. వరసల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తూ పోతే భిన్నాలు భిన్నాలుగానే చివరిదాకా వస్తాయి. ఆఖర్న హారాల క.సా.గు.తో గుణిస్తే సరి. నీటిని 1 అనుకుంటే హారాలు 47, 94, 188 వచ్చాయి. క.సా.గు. 188. నేను 100 దగ్గర ఆగమన్నాను, అది ఆగింది. దాని తప్పేం లేదు.

10 ఫెర్రోసయనైడ్ + 122 పర్మాంగనేట్ + 299 సల్ఫ్యూరిక్ ఆమ్లం → 162 బైసల్ఫేట్ + 5 ఫెర్రిక్ సల్ఫేట్ + 122 మాంగనీస్ సల్ఫేట్ + 60 నైట్రిక్ ఆమ్లం + 60 కార్బన్ డయాక్సైడ్ + 188 నీరు

నమ్మకం కుదరక ఆక్సిజన్ చేత్తో లెక్కపెట్టాను. ఎడమవైపు 488 + 1196 = 1684. కుడివైపు 648 + 60 + 488 + 180 + 120 + 188. అదీ 1684. కాసేపు ఊరికే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

8వ రోజు

బుజ్జికి ఇచ్చాను, విరగ్గొట్టమని. పది నిమిషాల్లో రెండు చోట్ల విరిచింది.

రాగి సమీకరణంలో కావాలనే నీటిని రాయలేదు. హైడ్రోజన్ ఎడమవైపే ఉంటుంది, కుడివైపు వెళ్లడానికి చోటు లేదు. ప్రోగ్రాం అన్నిటికీ 0 ఇచ్చింది. సున్నా రాగి, సున్నా ఆమ్లం, సున్నా వాయువు. తుల్యమే, ఎవరు కాదనగలరు! ఇప్పుడు దారులు సున్నా అయితే "ఏదో పదార్థం రాయడం మరిచారు" అంటుంది. ఒక్క వైపే ఉన్న మూలకం ఉంటే దాని పేరూ చెబుతుంది.

రెండోది కిరణజన్య సంయోగక్రియ. ఆక్సిజన్‌ని తెలియక ఎడమవైపు రాసింది. 6 కార్బన్ డయాక్సైడ్, 6 నీరు, −6 ఆక్సిజన్, 1 గ్లూకోజ్ అని వచ్చింది. ఇది తప్పు కాదు, నిజానికి చాలా మర్యాదైన జవాబు. మైనస్ వచ్చిన పదార్థం అవతలి పక్క ఉండాల్సింది. ప్రోగ్రాం అదే మాట చెప్పేలా రాశాను.

9వ రోజు

ఏమీ చేయలేదు.

11వ రోజు

ఆమ్లం కలిపిన పర్మాంగనేట్‌తో హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్య. ప్రతి పుస్తకంలోనూ ఉండేదే. ఊరికే సరిచూసుకుందామని వేశాను.

2 పర్మాంగనేట్, −3 పెరాక్సైడ్, 3 సల్ఫ్యూరిక్ ఆమ్లం, 2 మాంగనీస్ సల్ఫేట్, 1 పొటాషియం సల్ఫేట్, 1 ఆక్సిజన్, 0 నీరు.

మొన్న మర్యాదైన జవాబు అని మెచ్చుకున్నది ఇదే మైనస్! పెరాక్సైడ్ అవతలి పక్క ఉండాలంటుంది, నీరు అసలే వద్దంటుంది. పరమాణువులు లెక్కపెడితే సరిగ్గానే ఉన్నాయి, అదే ఇంకా చిరాకు.

మూడో రోజున పట్టించుకోని అంకె ఇప్పుడు గుర్తొచ్చింది. పదార్థాలు 7, మూలకాలు 5. దారులు 7 − 5 = 2. నా కోడ్ రెండు దారుల్లో మొదట కనబడ్డది పట్టుకొచ్చి ఇదే జవాబు అని చూపించింది. రెండు దారులుంటే వాటిని ఎన్ని పాళ్లలో కలిపినా జవాబే. చేత్తో కొన్ని రాశాను. పర్మాంగనేట్ 2, ఆమ్లం 3 అలాగే ఉంచితే:

పెరాక్సైడ్ 1, ఆక్సిజన్ 3, నీరు 4
పెరాక్సైడ్ 3, ఆక్సిజన్ 4, నీరు 6
పెరాక్సైడ్ 5, ఆక్సిజన్ 5, నీరు 8
పెరాక్సైడ్ 7, ఆక్సిజన్ 6, నీరు 10

అన్నీ తుల్యమే. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దిగితే 2 పెరాక్సైడ్లు ఎక్కువవుతాయి, 2 నీళ్లు, 1 ఆక్సిజన్ పెరుగుతాయి. అది పెరాక్సైడ్ తనంతట తాను విడిపోయే చర్య. ఎంత కావాలంటే అంత దొంగతనంగా కలిపేయొచ్చు, పరమాణువుల ఖాతా పట్టుకోలేదు.

పుస్తకం మూడో వరస సరైనదంటుంది. ఎందుకో నా ప్రోగ్రాంకి తెలియదు.

12వ రోజు

మాకు కెమిస్ట్రీ చెప్పిన మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విని నవ్వారు.

"పరమాణువుల్ని లెక్కపెట్టావు నాయనా, ఎలక్ట్రాన్లని ఎవరు లెక్కపెడతారు?"

పర్మాంగనేట్‌లో మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య (ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నట్టు లెక్కో చెప్పే అంకె) +7. చర్య అయ్యాక +2. అంటే ఒక్కోటి 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ −1 నుంచి 0కి వస్తుంది, అణువుకి అలాంటివి రెండు కాబట్టి 2 ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఇచ్చింది, పుచ్చుకుంది సమానం కావాలంటే 2 పర్మాంగనేట్లకు 5 పెరాక్సైడ్లు.

"అదంతా సరే మేడమ్, ఆక్సిజన్ వాయువు పెరాక్సైడ్ నుంచే వచ్చిందని ఎలా తెలుసు? పర్మాంగనేట్‌లో కూడా నాలుగున్నాయిగా?"

"గుర్తు పెట్టి చూశారు" అన్నారు. పెరాక్సైడ్‌లో మామూలు ఆక్సిజన్ 16 బదులు బరువైన ఆక్సిజన్ 18 పెట్టి చర్య జరిపితే, ఆ 18 మొత్తం వాయువులోనే తేలింది. పెరాక్సైడ్‌లోని రెండు ఆక్సిజన్లూ విడిపోకుండా జంటగా బయటికొచ్చాయి.

ఫోన్ పెట్టేశాక అదే కోడ్‌లో చేశాను. పెరాక్సైడ్‌లోని ఆక్సిజన్‌ని, వాయువులోని ఆక్సిజన్‌ని వేరే మూలకం అన్నట్టు పట్టికలో ఇంకో వరస ఇచ్చాను. మూలకాలు 6, పదార్థాలు 7, దారి ఒకటే. 2, 5, 3 → 2, 1, 5, 8. ఆ బరువైన ఆక్సిజన్ (ఐసోటోపు) ప్రయోగం నా పట్టికలో ఒక అడ్డ వరసగా కూర్చుంది. ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన గంట ఇదే.

14వ రోజు

అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణాలు. పర్మాంగనేట్ అయాన్, ఫెర్రస్ అయాన్, హైడ్రోజన్ అయాన్ కలిసి మాంగనస్, ఫెర్రిక్ అయాన్లు, నీరు. ఇక్కడా దారులు రెండు. ఇనుము అటూ ఇటూ ఇనుమే కాబట్టి 1 వేసినా 100 వేసినా పరమాణువులు సరిపోతాయి. కానీ ఆవేశం సరిపోదు. ఆవేశాన్నీ ఒక మూలకంలా పట్టికలో చేర్చితే 1, 5, 8 → 1, 5, 4 అని ఒక్కటే నిలిచింది. రెండువైపులా ఆవేశం +17. మొన్నటి అనుభవంతో ఇది పావుగంట పని. ఎలక్ట్రాన్‌ని కూడా పదార్థంగా రాసుకోనిస్తే అర్ధచర్యలు (ఎలక్ట్రాన్లు ఇచ్చే సగం, పుచ్చుకునే సగం విడివిడిగా) చేయొచ్చు, తర్వాత చూద్దాం.

16వ రోజు

దారులు రెండుంటే ప్రోగ్రాం ఊరుకోకుండా ఆ రెండిటినీ విడదీసి చూపిస్తే బాగుంటుందనిపించింది. ఒక్కో పదార్థాన్ని పక్కన పెట్టి, మిగిలిన వాటితో మైనస్ లేని జవాబు వస్తుందేమో చూడడమే.

రాగి దగ్గర అద్భుతంగా పనిచేసింది. నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రెండూ వస్తాయని రాస్తే రెండు చర్యలుగా విడగొట్టింది. ఒకటి మన పాత 3, 8 → 3, 2, 4. ఇంకోటి 1 రాగి, 4 ఆమ్లం → 1 కాపర్ నైట్రేట్, 2 నైట్రోజన్ డయాక్సైడ్, 2 నీరు. మొదటిది సజల ఆమ్లానిది, రెండోది గాఢ ఆమ్లానిది. నిజంగా పరీక్షనాళికలో జరిగేవే.

అదే ఉత్సాహంతో పెరాక్సైడ్‌ని వేశాను. అది కూడా రెండు ఇచ్చింది. ఒకటి, 2 పెరాక్సైడ్ → 2 నీరు + 1 ఆక్సిజన్. రెండోది, 4 పర్మాంగనేట్ + 6 ఆమ్లం → 4 మాంగనీస్ సల్ఫేట్ + 2 పొటాషియం సల్ఫేట్ + 5 ఆక్సిజన్ + 6 నీరు. అందులో పెరాక్సైడ్ ఊసే లేదు. రెండూ తుల్యమే. కానీ ఆ బీకరులో అసలు జరిగేది ఈ రెండూ కాదు, పర్మాంగనేట్ పెరాక్సైడ్ దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కోవడం. లెక్కకి మాత్రం అది ఈ రెండిటి మిశ్రమంలా కనబడుతుంది.

అందుకని స్క్రీన్ మీద వచ్చే మాట మార్చాను. "ఇక్కడ రెండు చర్యలు జరుగుతున్నాయి" అని ఉండేది. ఇప్పుడు "పరమాణువుల లెక్కకి ఇక్కడ రెండు దారులున్నాయి. ఇంకో షరతు ఇవ్వండి" అంటుంది.

బుజ్జి అప్పుడే వచ్చి బంగారం, నీరు కలిపి గోల్డ్ ఆక్సైడ్, హైడ్రోజన్ వస్తాయని కొట్టింది. 2, 3 → 1, 3 అని వెంటనే ఇచ్చింది.

"బాబాయ్, బంగారం నీళ్లలో కరగదు కదా?"

కరగదన్నాను. అయితే ప్రోగ్రాం ఎందుకు ఒప్పుకుందని అడిగింది. నువ్వు అడిగింది తుల్యం చేయమని, జరుగుతుందా అని కాదు అన్నాను. కాసేపు ఆలోచించి, ఆ రెండో బటన్ ఎప్పుడు పెడతావంది.